లష్కరే తోయిబా: నిషేధించినా ఎలా నిలిచింది?

ప్రశ్న (తిరుపతి వాసి):

పెద్దలకు నమస్కారం. పోయిన ఆదివారం మా అబ్బాయితో కొండకు వెళ్తున్నప్పుడు, అలిపిరి తనిఖీ కేంద్రంలో మా ముందున్న కారు డిక్కీ తెరిపించి, స్టెప్నీ టైరు ఎత్తి దాని కింద కూడా టార్చి వేసి చూశారు. పదో తరగతి చదివే మావాడు "ఇదంతా లష్కరే తోయిబా వాళ్ల భయంతోనేనా నాన్నా?" అని అడిగాడు. ముంబయి దాడి చేసింది వాళ్లేనని, నాయకుడు హఫీజ్ సయీద్ అని తప్ప నాకు ఇంకేమీ తెలియదని అప్పుడే అర్థమైంది.

ఇంటికి వచ్చి చదవడం మొదలుపెట్టాక సందేహాలు ఇంకా పెరిగాయి. ఈ సంస్థను పాకిస్థాన్ ప్రభుత్వమే 2002లో నిషేధించింది. అయినా 2008లో ముంబయి మీద దాడి చేసింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపినప్పుడు కూడా దీని నీడలో పుట్టిన సంస్థ పేరే బయటికి వచ్చింది. చనిపోయినవారిలో మన విశాఖ, కావలి వాళ్లు ఉన్నారు కనుక ఎక్కడో సరిహద్దుల్లో సంగతి అని వదిలేయలేకపోతున్నాను. అసలు ఇది ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, నిషేధం ఎందుకు పనిచేయలేదు? ఆవేశంతో కాకుండా, జరిగింది జరిగినట్టు రాయగలిగినవారు రాయమని వేడుకుంటున్నాను.

జవాబు 1 (చరిత్ర అధ్యాపకుడు, విశ్రాంత, తిరుపతి):

లష్కర్ అంటే సైన్యం, దండు. ఆ మాట మనకు కొత్తది కాదు. సికింద్రాబాద్‌ను పాతకాలం వాళ్లు లష్కర్ అనేవారు, అక్కడి బోనాలను నేటికీ లష్కర్ బోనాలు అంటారు. మన కాలువల మీద తూములు చూసుకునే లస్కరు కూడా ఆ మాటలోంచి వచ్చినవాడే. తయిబా అంటే పవిత్రమైనది, మదీనా నగరానికి ఉన్న పేర్లలో ఒకటి. పత్రికల్లో అది తోయిబాగా స్థిరపడింది.

ఇక పుట్టుక సంగతి. అఫ్గానిస్థాన్‌లో సోవియట్ సేనలపై యుద్ధం సాగుతున్న 1980ల రెండో సగంలో, లాహోర్ ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ అధ్యయనాలు బోధించే హఫీజ్ సయీద్, ఆయన సహచరుడు జఫర్ ఇక్బాల్, పాలస్తీనాకు చెందిన అబ్దుల్లా అజ్జామ్ తదితరులు కలిసి మర్కజ్ దవా వల్ ఇర్షాద్ అనే సంస్థను పెట్టారు. ప్రచారం, బోధన, యుద్ధం మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నది వారి ఆలోచన. దాని సాయుధ విభాగంగా 1990 ప్రాంతంలో అఫ్గానిస్థాన్‌లోని కునార్ ప్రాంతంలో లష్కరే తోయిబా రూపుదిద్దుకుంది. అప్పటికే 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెనుదిరిగాయి. కాశ్మీరులో అదే కాలంలో అలజడి మొదలైంది. శిక్షణ పొంది చేతిలో పని లేకుండా ఉన్న మనుషులను పాకిస్థాన్ గూఢచార సంస్థ ఐఎస్ఐ అటు మళ్లించింది.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఇది: బోర్డు మారింది, ఇల్లు మారలేదు. లాహోర్‌కు ఉత్తరాన గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద మురీద్కే అనే ఊరిలో సుమారు 200 ఎకరాల్లో వీరి కేంద్రం ఉంది. అందులో మసీదు, బడులు, ఆసుపత్రి, పొలాలు ఉండేవి. 2001 డిసెంబరులో అమెరికా లష్కర్‌ను ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. ఆ నెలలోనే హఫీజ్ సయీద్ లష్కర్ నుంచి తప్పుకున్నానని చెప్పి, మాతృసంస్థకు జమాత్ ఉద్ దవా అని పేరు పెట్టాడు. మరుసటి నెల పాకిస్థాన్‌ను అప్పుడు ఏలుతున్న జనరల్ ముషారఫ్ ప్రభుత్వం నిషేధించింది లష్కర్ అనే పేరును మాత్రమే. 2005 అక్టోబరు భూకంపంలో ఆజాద్ కాశ్మీరు అని వాళ్లు పిలిచే ప్రాంతంలో శిథిలాల కిందివారిని తీయడానికి, మందులు పంచడానికి ముందుగా చేరినవారిలో జమాత్ కార్యకర్తలు ఉన్నారు. ఇల్లు కూలిన మనిషికి దుప్పటి ఇచ్చినవాడి మీద విశ్వాసం కుదరడం సహజం. ఆ విశ్వాసమే వీరికి పెట్టుబడి అయింది.

ఇంకొక కారణం కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించరు. మసూద్ అజహర్ స్థాపించిన మరో ఉగ్రవాద సంస్థ జైషే మహమ్మద్ మనుషులు కొందరు 2003 డిసెంబరులో స్వయంగా ముషారఫ్ మీదే జరిగిన హత్యాయత్నాల్లో పాలుపంచుకున్నారు. లష్కర్ మాత్రం తనను పోషించిన రాజ్యం మీదికి ఆయుధం ఎత్తకపోవడం ఒక నియమంగా పెట్టుకుంది. తనకు హాని చేయని సంస్థను కూల్చే తొందర అక్కడి సైన్యానికి ఎన్నడూ కలగలేదు.

జవాబు 2 (మాజీ హవల్దారు, పలమనేరు):

మాస్టారు చరిత్ర చెప్పారు కాబట్టి నేను కళ్లతో చూసినది మాత్రం రాస్తాను. నేను ఉత్తర కాశ్మీరులోని కుప్వారా జిల్లాలో రెండు విడతలు పనిచేశాను. 2003 నవంబరులో కాల్పుల విరమణ కుదిరాక నియంత్రణ రేఖ వెంట రెండు వరుసల కంచె పూర్తిచేశారు. అయితే చలికాలంలో నిలువెత్తు మంచు పడి కంచె చాలాచోట్ల వంగిపోతుంది, స్తంభాలే కూలిపోతాయి. ఏటా మంచు కరగగానే బాగుచేయాలి. కనుమలు తెరుచుకునే ఆ కాలమే చొరబాట్ల కాలం కూడా కావడంతో మాకు కంటి మీద కునుకు ఉండేది కాదు.

ఒకసారి ఎదురుకాల్పుల తరువాత చనిపోయినవాడి సంచిని నేనే విప్పాను. బాదంపప్పు, ఎండు ఖర్జూరాలు, నొప్పి సూదిమందులు, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బ్యాటరీలు, అడుగున ఇంకా తొడగని ఒక జత ఉన్ని మేజోళ్లు ఉన్నాయి. వాడికి ఇరవై ఏళ్లు దాటి ఉండవు. ఆ మేజోళ్లు ఎవరో ఇంట్లో అల్లి ఇచ్చినట్టున్నాయి. నాకు వాడి మీద జాలి కలిగిందని రాయను, ఎందుకంటే అదే ఉదయం మా తుకడీలో ఒకరిని పోగొట్టుకున్నాము. కానీ ఆ పిల్లవాణ్ణి అక్కడిదాకా పంపినవాళ్లు మురీద్కేలో భోజనం చేస్తున్నారన్న ఆలోచన మాత్రం ఈనాటికీ నన్ను వదలలేదు.

ముంబయిలోనూ ఇదే పద్ధతి. 2008 నవంబరులో పదిమంది కరాచీ నుంచి సముద్రంలో బయలుదేరి, కుబేర్ అనే మన చేపల పడవను పట్టుకుని, దానిలోనివారిని చంపి, కొలాబా దగ్గర రబ్బరు పడవలో దిగారు. ఇద్దరిద్దరుగా విడిపోయారు. నడిపించినవాళ్లు కరాచీలో టీవీ చూస్తూ ఇంటర్నెట్ ఫోనులో ఆదేశాలు ఇచ్చారు. 166 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రాణాలతో దొరికిన అజ్మల్ కసబ్ ఒక్కడే. వాడిని 2012 నవంబరు 21న యరవాడ జైలులో ఉరితీశారు.

జవాబు 3 (ఉర్దూ ఉపాధ్యాయుడు, చిత్తూరు):

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. బక్రీదు రోజున ఖుర్బానీ ఇచ్చిన జంతువు చర్మాన్ని మా చిత్తూరులో కూడా మదరసాకో అనాథలకో ఇచ్చేస్తాము. చిన్నప్పుడు మా నాన్నగారు ఉప్పు చల్లి చుట్టిన మేకచర్మాన్ని నా సైకిలు వెనుక కట్టి పంపేవారు. అది దానం, అమ్ముకోకూడదు. పాకిస్థాన్‌లో జమాత్ ఉద్ దవా ఏటా ఈ చర్మాలను ఊరూరా సేకరించి, తోలు వ్యాపారులకు అమ్మి పెద్ద మొత్తాలు కూడబెట్టింది. అంగళ్లలో హుండీలు పెట్టింది. ఇచ్చే పేదవాడు పుణ్యానికే ఇస్తాడు. ఆ పుణ్యాన్ని తుపాకీగా మార్చడం నాకు క్షమించరాని ద్రోహంగా కనిపిస్తుంది.

లష్కర్ వారు ముస్లింలలో అహ్లె హదీస్ అనే శాఖకు చెందినవారు. ఆ శాఖవారు మన దేశంలోనూ లక్షల్లో ఉన్నారు, వారికి ఈ హింసతో సంబంధం లేదు. పాఠకులు ఈ రెండింటినీ కలపవద్దని కోరుతున్నాను.

చివరికి వీరిని కొంతైనా కదిలించింది కూడా డబ్బు లెక్కలే. ఉగ్రవాదానికి చేరే డబ్బుపై నిఘా ఉంచే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్, 2018 జూన్‌లో పాకిస్థాన్‌ను గ్రే లిస్టులో, అంటే లోపాలున్న దేశాల నిఘా జాబితాలో, పెట్టింది. 2019 జూలైలో హఫీజ్ సయీద్‌ను అరెస్టు చేశారు, 2020 ఫిబ్రవరిలో లాహోర్ కోర్టు ఉగ్రవాద నిధుల కేసుల్లో శిక్ష వేసింది. ముంబయి హత్యలకు మాత్రం అక్కడ ఆయనకు ఇప్పటికీ శిక్ష పడలేదు. 2022 అక్టోబరులో పాకిస్థాన్ ఆ జాబితా నుంచి బయటపడింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. 2016లో చిత్తూరు కోర్టు ఆవరణలో జరిగిన పేలుడు, అలిపిరి పేలుడు కూడా వీళ్ల పనేనని మా వీధిలో అంటున్నారు. నిజమేనా?

జవాబు 1 (చరిత్ర అధ్యాపకుడు):

రెండూ కావు. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడి కాన్వాయ్ మీద మందుపాతర పేల్చినది నక్సలైట్లు. 2016 ఏప్రిల్ 7న చిత్తూరు కోర్టు ఆవరణలో జరిగిన పేలుడుకు కారకులు బేస్ మూవ్‌మెంట్ అనే పేరు పెట్టుకున్న మదురై యువకులని జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తేల్చింది. అదే ఏడాది కొల్లం, మైసూరు, నెల్లూరు, మలప్పురం కోర్టుల్లోనూ, కలెక్టరేట్లలోనూ పేలుళ్లు జరిపింది ఈ గుంపే. అల్ ఖైదా అనే అరబ్బీ మాటకు ఇంగ్లీషులో బేస్ అని అర్థం. వారు అల్ ఖైదాను తలచుకుని ఆ పేరు పెట్టుకున్నారు తప్ప సరిహద్దు దాటి వచ్చినవారు కారు. పహల్గాం విషయంలో మీరు చెప్పిన నీడ సంస్థ పేరు ది రెసిస్టెన్స్ ఫ్రంట్. అది 2019లో కాశ్మీరు ప్రత్యేక ప్రతిపత్తి రద్దయిన తరువాత పుట్టింది. మతం వాసన రాని ఇంగ్లీషు పేరు కావాలనే పెట్టారు. పహల్గాం దాడి తమదేనని మొదట ప్రకటించి, తరువాత కాదన్నారు. 2025 జూలైలో అమెరికా దాన్ని లష్కర్‌కు మారుపేరుగా గుర్తించి ఉగ్రవాద సంస్థల జాబితాలో చేర్చింది. అంతకు రెండు నెలల ముందే, మే 7న, మన సేనలు దాడిచేసిన తొమ్మిది స్థలాల్లో మురీద్కే కూడా ఉంది.