జూమ్ ఆర్16 మల్టీట్రాక్ రికార్డరులో 128 జీబీ కార్డు వేయొచ్చా? పాత రికార్డింగులు ఎలా దాచుకోవాలి?

కావలి_తబలా:
అందరికీ నమస్కారం. మాది కావలి పక్కన పల్లె. పద్యనాటకాలకు తబలా వాయిస్తాను, రికార్డింగు పని కూడా నా నెత్తినే ఉంది. మిషను జూమ్ ఆర్16, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 16 జీబీ కార్డుతో వచ్చింది. ఎనిమిది ట్రాకులూ 24 బిట్ నాణ్యతలో పెడితే కాటి సీను మొదలయ్యే వేళకి కార్డు నిండి కూర్చుంటోంది. జనం మేలుకుని ఉండేదే ఆ సీను కోసం! ఒక షాపతను 128 జీబీ కార్డు చూపించి "ఇది వేసెయ్, జన్మకి సరిపోద్ది" అన్నాడు. వేయొచ్చా?

ఇంకోటి. మా గురువుగారి ఇంట్లో రోలాండ్ వీఎస్-880 అనే పాత హార్డ్ డిస్కు రికార్డరు ఉంది. ఆయన హరికథలన్నీ దాంట్లోనే ఉన్నాయి. డిస్కు బాగా ముసలిదైపోయి గరగరమంటోంది. ఊడదీసి కంప్యూటరుకు తగిలిస్తే ఫైళ్లు వస్తాయా?

ఒంగోలు_మైక్‌సెట్:
128ని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టు బ్రదర్. నా దాంట్లో నడుస్తోంది.

ఆత్మకూరు_హార్మోనియం:
నడవడమంటే ఎంతసేపు నడిచింది మైక్‌సెట్ గారూ? పది నిమిషాల టెస్టా, రాత్రంతానా? ఆర్16 మాన్యువల్‌లో ఉన్నది 32 జీబీ ఎస్‌డీహెచ్‌సీ రకం కార్డుల వరకే. అది దాటితే ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు, ఎక్స్‌ఫ్యాట్ అనే వేరే ఫార్మాట్‌తో వస్తాయి. ఫ్యాట్32 చేసి పెడితే మిషను తీసుకుంటే తీసుకోవచ్చు. అయినా వేషాలు కట్టి, జనం చాపలు పరుచుకుని కూర్చున్నాక ప్రయోగాలు నాకు గిట్టవు.

తమ్ముడూ, లెక్క చూడు. 44.1 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఒక మోనో ట్రాకు నిమిషానికి దాదాపు 8 ఎంబీ తింటుంది. ఎనిమిది ట్రాకులకి గంటకి 3.8 జీబీ. రాత్రి పదికి తెర లేస్తే నీ కార్డు రెండింటికల్లా ఖాళీ లేదంటుంది. 32 జీబీ అయితే ఎనిమిది గంటల పైమాటే, మంగళం పాడేదాకా వస్తుంది. 16 బిట్‌కి దిగితే గంటకి 2.5 జీబీ చాలు గానీ, రాగం తీసేటప్పుడు ఆర్టిస్టు గొంతు ఎక్కడికి లేస్తుందో ఎవరికి తెలుసు? లెవెల్ తగ్గించి పెట్టుకోవాలంటే 24 బిట్టే నయం.

కాబట్టి నువ్వు కొనాల్సింది 32వి, మూడో నాలుగో. ఏడాది ప్రోగ్రాములన్నీ ఒకే కార్డులో ఉంచితే అది పోయిన రోజు అన్నీ పోతాయి. పైన 32 అని అచ్చేసి లోపల ఎనిమిదే ఉండే నకిలీలు తిరుగుతున్నాయి, అందుకని కార్డు రాగానే కంప్యూటర్లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం నడుపు. అది కార్డు నిండా రాసి, తిరిగి చదివి చూస్తుంది. తర్వాత మిషనులోనే ఫార్మాట్ చెయ్యి.

ఇక కాపీ సంగతి. యూఎస్‌బీ తగిలించి కార్డ్ రీడర్ మోడ్ పెడితే కార్డు పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. వేవ్ ఫైళ్లు మాత్రం లాక్కుని వదిలెయ్యకు, ప్రాజెక్టు ఫోల్డరు మొత్తం తీసుకో. ఆడియో ఫైళ్లకి నంబర్లే ఉంటాయి. ఏది ఏ ట్రాకుదో, సెట్టింగులేమిటో పక్కనున్న చిన్న ఫైళ్లకే తెలుసు. నేనైతే నోట్‌ప్యాడ్‌లో కూడా రాసి అదే ఫోల్డరులో పడేస్తాను: ఊరు, తేదీ, 1 ఎడమ మైకు, 2 నడిమి మైకు, 3 కుడి మైకు, 4 హార్మోనియం, 5 తబలా, 6 డగ్గా.

టెరాకాపీ అనే కాపీ ప్రోగ్రాంలో వెరిఫై (కాపీ సరిగ్గా పడిందో చూడటం) పెట్టి రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించు. అప్పటిదాకా కార్డు తుడవకు. రెండో డిస్కు నీ ఇంట్లో ఉండకూడదు. నాది బుచ్చిలో మా బావమరిది బీరువాలో ఉంటుంది. పండక్కి కూడా వాళ్లింటికి పోనివాణ్ణి, ఈ డిస్కు పుణ్యమా అని రాకపోకలు మొదలయ్యాయి. పెన్‌డ్రైవ్‌లో ఏళ్ల తరబడి దాచాలనుకోకు, కరెంటు తగలకుండా పడుంటే అందులో రాసింది మెల్లగా చెరిగిపోయే వీలుంది.

కావలి_తబలా:
చాలా థ్యాంక్స్ అన్నా. ఒకసారి ప్రోగ్రాం మధ్యలో జనరేటరు ఆగి మిషను ఆఫ్ అయింది. పోయిన ఫైళ్లు వెతికి తీసే ఫోటోరెక్ ప్రోగ్రాంతో లాగితే ఫైళ్లు వచ్చాయి. కానీ ఏది తెరిచినా కాసేపు తబలా, ఉన్నట్టుండి హార్మోనియం, మళ్ళీ పద్యం ముక్క. ఇదేంది?

ఆత్మకూరు_హార్మోనియం:
ఎనిమిది ఫైళ్లూ ఒకేసారి రాయాలి కదా. తలా కొంచెం వంతులవారీగా కార్డు మీద పెట్టుకుంటూ పోతుంది, విస్తళ్లలో వడ్డించినట్టు. ఏ ముక్క ఎవరిదో చెప్పే పట్టిక పూర్తవకముందే కరెంటు పోయింది. ఫోటోరెక్ వరసగా ఉన్నదంతా ఒకటే ఫైలనుకుని లాగేస్తుంది. ముక్కలు చెవితో విని అతికించుకోవచ్చు గానీ, ఒక్క పద్యానికే ఆదివారం అయిపోతుంది.

ఇకమీద అడాప్టరుని చిన్న యూపీఎస్‌కి తగిలించు. తెర పడ్డ ప్రతిసారీ స్టాప్ కొట్టి, అంకం మారగానే కొత్త ప్రాజెక్టు తెరువు. అప్పుడు పోయినా ఆ ఒక్క అంకమే పోతుంది.

సింగరాయకొండ_సోల్డరింగ్:
వీఎస్-880 గురించి ఎవరూ చెప్పలేదే. అది 1996 నాటి మిషను, డిస్కులో రాత దాని సొంత పద్ధతి. కంప్యూటరుకు తగిలిస్తే విండోస్ "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. పొరపాటున కూడా ఎస్ అనొద్దు.

ఉత్తినే ఆన్ చేసి చూడటం కూడా మానండి. ఆన్ చేసిన రోజే పని అయిపోవాలి. డిజిటల్ అవుట్ నుంచి రెండేసి ట్రాకులు కంప్యూటర్లోకి ప్లే చేసుకోండి. ఎఫెక్టులు, ఈక్యూ తీసేయండి. మృదంగం ట్రాకుని ప్రతిసారీ పూర్తిగా ఎడమకి, మిగతావి ఒక్కొక్కటిగా పూర్తిగా కుడికి తిప్పండి. ఎనిమిది ట్రాకులకి ఏడుసార్లు ప్లే చేయాలి, విసుగే. కానీ తర్వాత మృదంగం దెబ్బలు ఒకదాని మీదకొకటి జరిపితే అన్ని ట్రాకులూ కలిసిపోతాయి. కంప్యూటరు వైపు క్లాక్ ఎక్స్‌టర్నల్‌లో, అంటే మిషను వేగాన్నే పట్టుకుని నడిచేలా, పెట్టకపోతే మధ్యలో టిక్కు టిక్కుమంటుంది.

కథలన్నీ బయటికొచ్చాక డిస్కు తీసేసి, ఐడీఈ (పాత డిస్కుల కనెక్షను) అడాప్టరుతో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు పెట్టుకోవచ్చు. అది వేశాక ఆ కార్డుని మిషనులోనే ఇనీషియలైజ్ (ఫార్మాట్) చేయాలి.

డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న ఇంటర్‌ఫేస్ నా దగ్గర ఉంది. మిషను పట్టుకుని కావలిలో రైలెక్కి వచ్చేయండి. పైన లగేజీలో పెట్టకుండా ఒళ్లో పెట్టుకోండి.