ఆఫీసులో ఆట బల్ల: పని గంటల్లో ఆడనివ్వాలా, వద్దా?

పద్దులపుస్తకం: హాల్లో 40 మంది. పక్కన ఖాళీ గది ఉంది. టేబుల్ టెన్నిస్ బల్ల వేద్దామని సగం మంది, పని గంటల్లో ఆటలేంటని సగం మంది. మీరేమంటారు?

నీలిగీత: ముందు గది కొలవండి. బల్లే 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. రెండు చివర్లా ఐదేసి, పక్కల మూడేసి అడుగులు వదిలినా 19 × 11 కావాలి. అంతకన్నా ఇరుకైతే బ్యాటు గోడకు తగులుతుంది, ఆడేవాళ్లు తగ్గిపోతారు, చివరికి బల్ల మీద అట్టపెట్టెలు చేరతాయి. చప్పుడు ఇంకా పెద్ద చిక్కు. బంతి 2.7 గ్రాములే, కానీ ఆ టక్‌టక్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి చెవి అలవాటు పడదు. గోడ అవతల ఫోన్లో మాట్లాడేవాళ్లకి అది నరకమే. నా ఓటు వద్దనే.

గుర్రంఎత్తు: చప్పుడే అడ్డమైతే చదరంగం పెట్టండి. గడియారం మీద చెరో 5 నిమిషాలు, 10 నిమిషాల్లో ఆట ముగిసి తీరుతుంది. క్యారమ్స్‌కి ఆ హద్దు లేదు. ఎర్రకాయ పడక ఆట సాగుతూనే ఉంటుంది, పైగా పౌడరు చేతులతో వచ్చి కీబోర్డు ముట్టుకుంటారు.

నీలిగీత: ఆట 10 నిమిషాలే సరే, తిరిగి పనిలో పడటానికి పట్టే సమయం మాటేమిటి?

గుర్రంఎత్తు: న్యాయమైన ప్రశ్న. ఒక పని సగంలో వదిలి మరోదానికి మారితే మనసు కొంత పాతదాని మీదే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లోనే చూపించారు. అందుకే లేచేముందు ఒక చీటీ మీద రెండు ముక్కలు రాసుకోవాలి: ఎక్కడ ఆపాను, రాగానే ఏం చేయాలి. ‘పట్టికలో 14వ వరుస దాకా సరిచూశాను, తర్వాత మొత్తం కూడాలి’ అన్నంత స్పష్టంగా. ‘రిపోర్టు పని’ అని రాస్తే ఉపయోగం లేదు.

కౌంటర్‌వైపు: మీరిద్దరూ కుర్చీ వదిలి లేవగలిగినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఫోన్లు ఎత్తేవాళ్లు, కౌంటర్లో ఉండేవాళ్లు లేవాలంటే బదులు మనిషి ఉండాలి. అది లేకుండా బల్ల వేస్తే కొందరి ఆట చప్పుడు మిగతావాళ్లు వినాల్సి వస్తుంది, అంతే. రోజుకి 15 నిమిషాల వంతు ప్రతి ఒక్కరికీ డ్యూటీ చార్టులోనే రాయండి. ఆ వంతులో ఆడతారా, కళ్లు మూసుకుని కూర్చుంటారా అనేది వాళ్లిష్టం. హాజరు మాత్రం వేయకండి. హాజరు వేసిన రోజున అది ఇంకో డ్యూటీ అయిపోతుంది.

నీలిగీత: వంతులు చార్టులో ఎక్కితే నా అభ్యంతరం చప్పుడు ఒక్కటే.

పద్దులపుస్తకం: గది 16 × 10 ఉంది, బల్ల పట్టదు. రెండు చదరంగం బోర్డులు, రెండు గడియారాలు తెప్పిస్తాం. ముందు చార్టు రాస్తున్నాను, ఫోన్లవాళ్ల వంతులతో మొదలుపెట్టి.