సమస్యాపూరణం: కాఫి మానువాడె కాఫిదాసు

సత్యనారాయణపురం మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి.

కాఫి మానువాడె కాఫిదాసు

కిందటి వారం గుంటూరు వాళ్లూ మన బెజవాడ వాళ్లూ పద్యాలు పక్కనపెట్టి, రోజూ కాఫీ తాగడం ఆరోగ్యమా బానిసత్వమా అని అర్ధరాత్రి దాకా కొట్టుకున్నారు కాబట్టి, ఆ గొడవనే సమస్య చేశాను. మానేసినవాడే దాసుడు ఎలా అవుతాడో పూరణలో తేలాలి. కాళిదాసుని లాక్కొచ్చి కాఫిదాసు పక్కన కూర్చోబెట్టిన పూరణలు ఇప్పటికే కొన్ని వచ్చాయి, అవి వేసుకోలేదు, ఇక పంపకండి.

పటమట రామనామం బ్యాచ్:
మాస్టారూ, నాది మొదటిది. అనుభవంతో రాసింది.

మానినంత నాడె మాడు పగులునట్లు
తలను నొప్పి పుట్టు, తాళలేక
కప్పు కప్పటంచు కలవరించు నిదురన్
కాఫి మానువాడె కాఫిదాసు

మాస్టారు:
నడక బావుంది, 'కప్పు కప్పటంచు' హాయిగా పలుకుతోంది. కానీ మూడో పాదం చివర 'నిదురన్' అని ద్రుతం, అంటే చివర నకారపు పొల్లు, పెట్టారు, దాని మీద 'కా' వస్తే 'గా' అవ్వాలి కదండీ. అప్పుడు 'గాఫి మానువాడె' అవుతుంది, ఇచ్చిన పాదమే మారిపోతుంది. 'కలవరించు నెపుడు' అంటే గణం సరిపోతుంది, ద్రుతం గొడవా ఉండదు.

బ్రాడీపేట ల్యాబు:
మాస్టారు గారూ, వ్యాకరణం సరే, 'ఎపుడు' అంటే వైద్యం తప్పుతుంది. కాఫీ మానేసిన తలనొప్పి సాధారణంగా 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో బాగా ముదురుతుంది, మొత్తం మీద రెండు నుంచి తొమ్మిది రోజుల్లో దానంతట అదే పోతుంది. కాబట్టి 'మానినంత నాడె' నిజమే, ఎప్పుడూ కలవరించడం మాత్రం అబద్ధం. అసలు సంగతేంటంటే, మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగయ్యేకొద్దీ మనకి మగత వస్తుంది. కెఫీన్ వెళ్లి అది కూర్చోవాల్సిన గ్రాహకాల (రిసెప్టర్ల) మీద తను కూర్చుంటుంది. రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఇంకొన్ని గ్రాహకాలు తయారుచేసుకుంటుంది, మీరు ఒక్కరోజు కాఫీ ఆపేసరికి అన్నింటి మీదా అడినోసినే, మగతా దానిదే, రక్తనాళాలు వెడల్పై వచ్చే ఆ తలపోటూ దానిదే.

మాస్టారు:
అయితే 'కలవరించు నకట' అనండి. గణమూ నిలిచింది, ల్యాబు వారూ ఊరుకుంటారు.

మొగల్రాజపురం అక్క:
నాది మా ఇంటి కథే, ఎవరూ బాబాయికి చెప్పకండి.

వైద్యుడు వలదన్న బాబాయి వినడాయె
పిన్ని దాచె పొడిని బీరువాన
తాళచెవిని వెదకి తానె కలుపుకొను
కాఫి మానువాడె? కాఫిదాసు!

మాస్టారు:
ఇదమ్మా పూరణంటే. అక్షరం మార్చలేదు, ఒక్క ప్రశ్నతో అర్థం తిరగేశారు. 'ఈయన కాఫీ మానేవాడేనా? కాఫీకి దాసుడు!' అని కాకువుతో, అంటే గొంతులో విరుపుతో, చదివితే సమస్యలో ఉన్న వైరుధ్యం మాయమైపోయింది. 'పిన్ని', 'బీరువాన' యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జోడీ అక్షరం, చూడండి, పొడి బీరువాలో ఉండటం ఎంత సహజమో ఆ యతీ అంత సహజంగా పడింది. యతి కోసం వస్తువుని తేలేదు, వస్తువే యతిని తెచ్చుకుంది.

బ్రాడీపేట ల్యాబు:
పద్యానికి దండం అక్కా. పిన్ని గారికి ఒక మాట చెప్పండి, ఒక్కసారిగా దాచేస్తే పైన చెప్పిన తలనొప్పి వచ్చి బాబాయి గారు తాళంచెవి వెదక్క ఏం చేస్తారు? చికోరీలో కెఫీన్ ఉండదు. పొడిలో చికోరీ వాటా వారం వారం కొంచెం పెంచుకుంటూ, రెండో కప్పు చిన్నది చేసుకుంటూ పోతే ఆయనకి తెలీకుండానే తగ్గుతుంది.

మొగల్రాజపురం అక్క:
తెలీకుండానా? ఆయన డికాక్షన్ వాసన చూసి ఏ కొట్టు పొడో చెప్పేస్తారండీ బాబూ.

ఆటోనగర్ నైట్‌షిఫ్ట్:
ఇదే మొదటి పద్యం, తిట్టొద్దు.

నైటు షిఫ్టు చేసి నిద్రలేక తిరిగి
రాత్రి నుండి కాఫి రద్దటంచు
పొద్దు పొడవగానె పొంగు జూచి కరగు
కాఫి మానువాడె కాఫిదాసు

మాస్టారు:
తిట్టడమెందుకు తమ్ముడూ, గణాలన్నీ సరిగ్గా పడ్డాయి. మొదటి పాదంలో యతి ఒక్కటే తప్పింది. 'నై'కి 'ని' చెల్లదు, ఐకారానికి అ, ఆ, ఔ కుదురుతాయి గాని ఇకారం కుదరదు. 'నైటు షిఫ్టు చేసి నాల్గు కప్పులు తాగి' అని చూడు. రోజూ రాత్రి మానేసి రోజూ పొద్దున్న మొదలుపెట్టేవాడే అసలు దాసుడన్న ఊహ మాత్రం బ్రహ్మాండంగా ఉంది, దాన్ని వదులుకోకు.

బ్రాడీపేట ల్యాబు:
నాలుగు కప్పులంటే ఆగండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకి కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 దాకా, ఇన్‌స్టెంట్‌లో 50 నుంచి 65 దాకా ఉంటుందని వాళ్లే రాశారు. అంటే ఆ సైజు ఫిల్టరు కాఫీ నాలుగు తాగితే గీత దాటినట్టే, ఇన్‌స్టెంట్ అయితే లోపలే. అమెరికా వాళ్ల లెక్క 400, అది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి. గర్భిణులకి 200 అంటారు. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి అయిదు గంటలు పట్టొచ్చు, తమ్ముడు తెల్లారి నాలుగింటికి తాగి ఏడింటికి పడుకుంటే నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది?

అరండల్‌పేట క్రమాలంకారం:
నేను ప్రశ్నలు వేశాను, జవాబులు నాలుగో పాదంలో వరసగా తీసుకోండి.

అరకు కొండలందు హాయి నేది పెరుగు?
తలకు గుడ్డ చుట్టి తాళునెవడు?
తెల్లవారకుండ తెరచునెవడు ఫ్రిజ్జు?
కాఫి, మానువాడె, కాఫిదాసు

మాస్టారు:
దారి పాతదే, ఫ్రిజ్జు కొత్తది. మనం అడిగిన గొడవకి మాత్రం ఇది జవాబు కాదు, మూడు ముక్కలు విడదీశారంతే. అవధానంలో అయితే చప్పట్లు వస్తాయి.

లక్ష్మీపురం మామయ్య:
అందరూ కాఫీని తిడుతున్నారు. నేను దాని తరఫు వకీలుని.

మితము దప్పకున్న మేలు చేయునె గాని
కీడు చేయదంద్రు కిటుకు తెలిసి
భయముచేత బెదరి పలవరించుచునుండు
కాఫి మానువాడె కాఫిదాసు

మాస్టారు:
మొదటి పాదం తీర్పులా ఉంది, బావుంది. 'కిటుకు తెలిసి' దగ్గర మాత్రం ఆగిపోయాను, ఏం కిటుకో పద్యం చెప్పలేదు. యతి కోసం వచ్చిన కిటుకు అది.

బ్రాడీపేట ల్యాబు:
మామయ్య గారి పక్షాన కొంత ఉంది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం కాఫీని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది. 65 డిగ్రీలు దాటిన వేడితో ఏది తాగినా అన్నవాహికకి ప్రమాదం ఉండొచ్చని మాత్రం అంది, పొగలు కక్కుతూ గొంతులో పోసుకునేవాళ్లు వినాలి. కాఫీ తాగేవాళ్లలో టైప్ 2 షుగరు, కాలేయ జబ్బులు తక్కువగా కనిపించాయి గాని, అది జనాన్ని గమనించి తేల్చిన మాట, కాఫీ వల్లే తగ్గాయని రుజువు కాదు. అందులోనూ మన కప్పులో రెండు చెంచాల పంచదార పడుతుంది కదా. 'మేలు చేయునె గాని' అనేది అందుకే కొంచెం ఎక్కువ. కిటుకు కావాలంటే నేనిస్తాను, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా తాగకూడదు, తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. టిఫిన్ ప్లేటు పక్కనే కప్పు పెట్టుకునే ఇళ్లలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఇది పట్టించుకోవాలి.

లక్ష్మీపురం మామయ్య:
ఇడ్లీ తిన్నాక గంట ఆగాలా? దానికన్నా వ్యసనమని ఒప్పుకుంటాను.

బ్రాడీపేట ల్యాబు:
వ్యసనం అనడానికీ తొందర పడకండి. అమెరికా మనోవైద్యుల 2013 గ్రంథంలో కాఫీ మానినప్పటి బాధకి రోగంగా గుర్తింపు ఉంది, కాఫీ వ్యసనాన్ని మాత్రం ఇంకా పరిశీలించాల్సిన వాటిలోనే పెట్టారు. ఒంటికి అలవాటు పడటం వేరు, దానికోసం ఉద్యోగం, సంసారం పాడుచేసుకోవడం వేరు.

మాస్టారు:
అయితే నా సమస్యే వాళ్లకంటే ముందు తేల్చింది, మానితేనే దాసుడెవరో తెలుస్తుంది. ఈ వారం మొదటి స్థానం మొగల్రాజపురం అక్కది, రెండోది నైట్‌షిఫ్ట్ తమ్ముడిది, సవరించిన మొదటి పాదంతో. మామయ్య గారు రెండో పాదం మార్చి మళ్లీ పంపితే చూస్తాను, ఇనుము సంగతి పెడితే ఇంకా మంచిది. అందులో 'ఇ'కి యతి మీరే చూసుకోండి.