అటక దిగిన 90 కంప్యూటర్ పత్రికలు: ఏవి ఉంచాలి, ఏవి తూకానికి వేయాలి?

అటక_486
ఇంటికి రంగులు వేయిస్తున్నాం. అటక మీంచి రెండు అట్టపెట్టెలు దిగాయి. లెక్కపెడితే 90 సంచికలు. డిజిట్, పీసీక్వెస్ట్, చిప్, లినక్స్ ఫర్ యూ, కొన్ని తెలుగు కంప్యూటర్ ఎరా. పాత పేపర్లతను ఆదివారం వస్తాడట, ఆలోపు తేల్చమంది మా ఆవిడ.

నేను కంప్యూటర్ ఉద్యోగిని కాను. సరదా, అంతే. 2001లో తెనాలిలో పెంటియం 3 అసెంబుల్ చేయించుకున్నాను, 64 ఎంబీ ర్యామ్‌తో. అప్పట్లో పత్రిక కొన్నది చదవడానికని ఎవరైనా అంటే నమ్మను. పత్రికతో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్ల సీడీ కోసం కొన్నాం. ఫోను లైను మీద నెట్ తెచ్చే 56కె మోడెంలో సెకనుకు నాలుగైదు కేబీ వస్తే పండగ. ఆ లెక్కన 650 ఎంబీ సీడీ దించాలంటే ఒకటిన్నర రోజు పైనే, అదీ మధ్యలో లైను తెగకపోతే. ఫోను బిల్లు సంగతి సరేసరి.

ఇక రివ్యూలంటారా, ఇరవై పేజీల నిండా గ్రాఫిక్స్ కార్డుల బార్లు, మార్కులు. మా ఊరి షాపులో ఉన్నవి రెండే కార్డులు, ఆ రెండూ ఆ పట్టికలో ఉండేవి కావు. నా ఉద్దేశంలో రివ్యూ సంచికలన్నీ తూకానికే. మీరేమంటారు?

కోఠి_కుర్రాడు
అన్నా, రివ్యూల మీద అంత కోపం వద్దు. మనం కొనేది ఆ కార్డు కాకపోయినా, షాపులో ఏం అడగాలో నేర్పింది అవే. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి "ఈ బోర్డు ఎఫ్ఎస్‌బీ ఎంత?" (ప్రాసెసర్‌కూ మిగతా బోర్డుకూ మధ్య డేటా నడిచే వేగం) అని అడిగానో లేదో, కౌంటర్ వెనకాయన మాట తీరే మారింది. అంతకుముందు "తమ్ముడూ, ఇది లేటెస్టు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టేవాడు.

బోధన్_పెంగ్విన్
లినక్స్ (విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) సంచికలు మాత్రం పారేయకండి సార్. పీసీక్వెస్ట్ 1996లోనే లినక్స్ సీడీ పంచింది. మన దగ్గర చాలామంది మొదట లినక్స్ చూసింది దాని పుణ్యమే. లినక్స్ ఫర్ యూ 2003 ఫిబ్రవరిలో మొదలైంది, 2012లో ఓపెన్ సోర్స్ ఫర్ యూ అయింది.

నా బాధ ఇంకోటి. ఇన్‌స్టాల్ అయితే అయింది గానీ నా దగ్గరున్నది విన్‌మోడెం. అంటే మోడెం చేయాల్సిన పని చాలావరకు విండోస్ డ్రైవరు చేస్తుంది, లినక్స్‌లో ఆ కార్డు ఉత్త రేకుముక్క. దానికి మందు ఇంటర్నెట్‌లో ఉంది, ఇంటర్నెట్‌కు వెళ్ళాలంటే విండోస్‌కు పోవాలి. అక్కడ చదివి, కాగితం మీద రాసుకుని, రీబూట్ చేసి, లినక్స్‌లో కొట్టి, తప్పు వస్తే మళ్ళీ రీబూట్. అలాంటి రాత్రుల్లో పక్కన తెరిచి పెట్టుకోగలిగింది అచ్చు పత్రిక ఒక్కటే.

మోడెం_మూర్తి
పక్కన పెట్టుకుని కొడితే నాకేమైందో వినండి. విండోస్ ఎక్స్‌పీ, లినక్స్ రెండూ ఒకే డిస్కులో పెట్టడం ఎలా అని ఓ పత్రికలో వ్యాసం. పేరు చెప్పను, బాగానే నడిచిన పత్రిక. విండోస్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే బూట్.ఐఎన్ఐ ఫైల్లో ఒక పొడుగాటి లైను మార్చమన్నాడు. పేజీకి మూడు కాలమ్‌లు, మధ్య కాలమ్ ఇరుకు. ఆ లైను పట్టక సగం కింది వరుసలోకి దిగింది, విరిచిన చోట హైఫన్ కూడా పడింది. నేను అచ్చు ఉన్నది ఉన్నట్టే రెండు లైన్లుగా కొట్టాను, హైఫన్‌తో సహా.

రీస్టార్ట్ చేస్తే నల్ల తెర. హాల్.డీఎల్ఎల్ అనే విండోస్ ఫైలు లేదు లేదా పాడైంది అని. పాడైందేమీ లేదు, విండోస్ డిస్కులో ఏ భాగంలో (పార్టిషన్‌లో) ఉందో చెప్పే లైను చెడగొట్టి ఇంకెక్కడో వెతికించాను, అంతే. అది అప్పుడు తెలీదుగా! షాపతను చూసి "హార్డ్ డిస్క్ పోయింది, ఫార్మాట్" అన్నాడు. చేయించేశాను. మా చెల్లి ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోల్‌లోకి (మరమ్మతు ఆదేశాలు కొట్టే తెర) వెళ్ళి బూట్‌సీఎఫ్‌జీ /రీబిల్డ్ అని కొడితే సరిపోయేదని ఆరు నెలల తర్వాత తెలిసింది. అదీ ఇంకో పత్రికలో, పాఠకుల ప్రశ్నల పేజీలో. అప్పట్నుంచి ఏ సంచిక కొన్నా ముందు ఆ పేజీయే తిప్పుతాను. రివ్యూ రాసేవాడికి అన్నీ పనిచేస్తాయి, ప్రశ్న అడిగేవాడికి ఏదో ఒకటి పనిచేయదు. మనం రెండో రకం.

అబిడ్స్_ఆదివారం
మీరంతా సీడీల కాలం పిల్లలు. నేను ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమెరికా కంప్యూటర్ పత్రిక బైట్ పాత సంచికలు ఏరుకునేవాణ్ణి. రాబర్ట్ టిన్నీ వేసిన అట్టబొమ్మ చూస్తే చాలు, లోపల ఏముందో చూడకుండానే కొనేవాణ్ణి. స్టీవ్ సియార్సియా ఇంట్లో కూర్చుని సర్క్యూట్లు కట్టడం ఎలాగో రాసేవాడు. ఆ చిప్‌లు కోఠిలో దొరికేవి కావు, అయినా చదివేవాణ్ణి. అప్పట్లో ఇలాంటి పత్రికల్లో ప్రోగ్రామ్ మొత్తం అచ్చు వేసేవాళ్ళు, మనం కూర్చుని కొట్టుకోవాలి. డేటా లైన్లలో ఒక్క అంకె తప్పితే వచ్చే ఫలితం మూర్తి గారికి నేను చెప్పక్కర్లేదు.

బైట్ అచ్చు 1998లో ఆగింది. స్కాన్‌లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి కాబట్టి నావి మొన్న తీసేశాను. బాధేమీ లేదు.

డాలస్_బాబాయ్
ఇక్కడ మాక్సిమమ్ పీసీ పత్రిక కూడా 2023లో అచ్చు ఆపేసింది. చివరి సంచిక కొన్నాను గానీ కవరు కూడా విప్పలేదు, నిజం చెప్పాలంటే.

డీటీపీ_దుకాణం
ఇంగ్లీషువి ఎక్కడో అక్కడ ఎవరో ఒకరు దాస్తారు. తెలుగువి తూకానికి వేస్తే మాత్రం పోయినట్టే. కారణం చెప్తా, ఇరవై ఏళ్ళుగా నా పని ఇదే. అప్పటి తెలుగు పత్రికల పేజీలు ఎక్కువగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, 'అను' అనే తెలుగు ఫాంట్లలో తయారయ్యేవి. అది యూనికోడ్ (ఏ మిషన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) కాదు. ఆ ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. గూగుల్‌కు అవి తెలుగని తెలీదు. నా దగ్గరే పాత కస్టమర్ల ఫైళ్ళు బోలెడున్నాయి, ఇప్పుడు సగం తెరుచుకోవు. అంటే మీ అట్టపెట్టెలో ఉన్న కాగితమే అసలు ప్రతి.

ఇంకోటి. తెలుగు మీడియంలో చదివిన మా నాన్నగారు "ఫైల్ మెనూలోకి వెళ్ళి సేవ్ యాజ్ క్లిక్ చేయండి" అనే వాక్యం చూసి అరవయ్యో ఏట ఫైలు దాచుకోవడం నేర్చుకున్నారు. ఆ భాషను పండితులు ఒప్పుకోకపోవచ్చు, తెర మీద ఉన్నదీ పేజీలో ఉన్నదీ ఒకటే కావడం ఆయనకు కావాల్సింది.

మీకు బరువైతే నాకు పంపండి, స్కాన్ చేస్తాను.

బోధన్_పెంగ్విన్
సీడీలు ముందు చూడండి సార్. వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే వెండి పూతలో చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే అది పోతున్నట్టు. చదివేవాటిని ఐఎస్ఓ ఇమేజ్‌గా (మొత్తం సీడీకి ఒకే ఫైలుగా నకలు) తీసి పెట్టుకోండి. మామూలుగా కాపీ కాకపోతే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి, పాడైన చోట వదిలేసి మిగతాది ముందు లాగుతుంది.

అటక_486
శనివారం రాత్రి. రివ్యూ సంచికలు 50 దాకా తూకానికి కట్టాను (కోఠి తమ్ముడి కోసం మదర్‌బోర్డుల సంచిక ఒకటి తీసి ఉంచాను). లినక్స్‌వి ఉంటాయి. సీడీలు పాత పేపర్లతను తీసుకోడట. ఇంట్లో ఒక్క సీడీ డ్రైవూ లేదు, అల్లుడి పాత ల్యాప్‌టాప్ తెప్పించాను. ముప్ఫై ఒక్కటిలో 22 చదివాయి.

డీటీపీ గారూ, తెలుగువి 11 పక్కన పెట్టాను. ఒకదానికి అట్ట లేదు, ఇంకోదాంట్లో నడుమ నాలుగు పేజీలు మా పాప క్రేయాన్లతో నింపింది. పర్లేదంటే చిరునామా మెసేజ్ చేయండి, సోమవారం పార్సిల్ వేస్తాను.