బ్లాక్‌బర్న్ రోవర్స్, వెంకీస్: పదిహేనేళ్లయినా ఫ్యాన్స్‌కి నమ్మకం ఎందుకు కుదరలేదు?

ఈవుడ్_బాల్కనీ

నేనుండేది ఇంగ్లండ్‌లోని డార్వెన్‌లో, బ్లాక్‌బర్న్‌కి పక్క ఊరు. ఆఫీసులో, క్షవరం షాపులో, ట్యాక్సీలో, ఎక్కడైనా ఇండియా నుంచి వచ్చానని తెలిస్తే చాలు, రెండో ప్రశ్న వెంకీస్ మీదే, అంటే ఇక్కడి ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్న మన కోళ్ల కంపెనీ మీదే. "మీవాళ్లేగా?" అంటారు. పుణె కంపెనీ అని తప్పించుకోవచ్చు. కానీ దాన్ని 1971లో మొదలుపెట్టిన బి.వి. రావు గారు మన హైదరాబాద్ మనిషి. ఇప్పుడు క్లబ్ నడుపుతున్న అనూరాధా దేశాయ్, వెంకటేశ్ రావు, బాలాజీ రావు ఆయన పిల్లలే. కంపెనీ పేరులోనే ఏడుకొండలవాడు ఉన్నాడు. ఇంకెక్కడికి పోతాం!

2010 నవంబరులో కొన్నారు. ఇప్పటికీ స్టేడియంలో "వెంకీస్ అవుట్" అరుపులు ఆగలేదు. ఇక్కడివాళ్ల కోపంలో న్యాయమెంత, జాత్యహంకారమెంత, ఓటమి బాధ ఎంత? ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు, ఫుట్‌బాల్ చూసేవాళ్లు, కోళ్ల వ్యాపారం తెలిసినవాళ్లు, అందరూ చెప్పండి. ఊరికే తిట్టడానికైతే వద్దు.

గోదారి_లేయర్స్

అనపర్తి నుంచి. నాన్నగారి కాలం నుంచీ కోళ్ల ఫారమే మాకు. నాకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు, రావు గారి సంగతి తెలుసు. ఒకప్పుడు గుడ్డు రేటు పూర్తిగా వ్యాపారుల చేతిలో ఉండేది. దాణా ఖర్చు కూడా రాక షెడ్లు మూసేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆయన ఊరూరా తిరిగి రైతులతో మీటింగులు పెట్టి, 1982లో నెక్ (గుడ్ల రైతుల సమన్వయ కమిటీ) ఏర్పాటు చేయించారు. నా గుడ్డు, నా ధర, నా బతుకు అన్నది వాళ్ల నినాదం. ఈ రోజుకీ పొద్దున్నే ఫోన్ తీసి మేం చూసేది నెక్ రేటే. మా షెడ్లలో ఉన్న పక్షి పేరు బీవీ-300, ఆ రెండక్షరాలు ఆయనవే.

అందుకే నాకు అంతు పట్టదు. రైతుల మధ్య కూర్చుని మాట్లాడి పేరు తెచ్చుకున్న మనిషి ఇల్లు అది. అక్కడ జనంతో ఎందుకు మాట్లాడరు?

ఈవుడ్_బాల్కనీ

లేయర్స్ గారూ, సరిగ్గా అక్కడే ఉంది తిరకాసు. మీకోసం పాత కథ కొంచెం చెబుతాను, తెలిసినవాళ్లు దాటేయండి.

వీళ్లకు ముందు ఈ క్లబ్‌ను నిలబెట్టింది జాక్ వాకర్. ఈ ఊరివాడే, ఉక్కు వ్యాపారి. తన డబ్బు పోసి స్టేడియం కట్టించాడు, కెన్నీ డాల్‌గ్లిష్‌ను మేనేజర్‌గా తెచ్చాడు, అలన్ షియరర్‌ను కొన్నాడు. 1994–95లో ఇక్కడి అగ్ర లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచారు, లక్ష జనాభా కాస్త దాటిన ఊరు మాంచెస్టర్ యునైటెడ్‌ను దాటి! ఆయన 2000లో పోయారు. తర్వాత ఆయన ట్రస్టు పదేళ్లు నడిపి 2.3 కోట్ల పౌండ్లకు వెంకీస్‌కి అమ్మింది. అప్పులు అదనం.

కొత్త ఓనర్లు వచ్చి నెల కూడా కాకముందే, డిసెంబరులో, శామ్ అలర్‌డైస్‌ను తీసేశారు. అప్పుడు టీమ్ 13వ స్థానంలో ఉంది, ఏ ప్రమాదమూ లేదు. ఆయన స్థానంలో స్టీవ్ కీన్, అంతకుముందు ఎక్కడా మేనేజర్‌గా చేయని కోచ్. కొనుగోలులో వెంకీస్‌కి సలహాదారు జెరోమ్ ఆండర్సన్ అనే ఏజెంట్, ఆ కీన్ ఈయన క్లయింటే. ఫ్యాన్స్‌కి అనుమానం పుట్టింది ఆ రోజే. ఏజెంట్ చెప్పినట్టు ఆడుతున్నారన్న మాట ఇక పోలేదు. పైగా ఆ జనవరిలో రొనాల్డీన్యో వస్తాడు, బెక్‌హామ్ వస్తాడు అని ఆశలు. ఎవరూ రాలేదు. ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని చికెన్ తినే ప్రకటన ఒకటి మాత్రం వచ్చింది.

2012 మే 7. సొంత గడ్డ మీద విగన్ చేతిలో 1–0. 87వ నిమిషంలో అల్కరాజ్ హెడర్. ప్రీమియర్ లీగ్ నుంచి కింద పడ్డారు. ఆ మ్యాచ్‌లోనే ఎవరో రోవర్స్ జెండా కప్పిన బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. వర్షంలో అది గడ్డి మీద నిలబడి ఉన్న ఫోటో మా ఆఫీసులో ఒకాయన డెస్క్ మీద ఇప్పటికీ ఉంది. నేనొక్కణ్ణే ఇండియన్‌ని కదా, మొదట్లో నన్ను చూసి దాన్ని బోర్లా పెట్టేవాడు. ఇప్పుడు పెట్టడు.

లెక్కల_మాస్టారు

ఒక పక్క కథే నడుస్తోంది. రెండో పక్క నేను చెబుతాను.

వీళ్లు ఇప్పటిదాకా ఈ క్లబ్‌లో పెట్టింది 20 కోట్ల పౌండ్లకు పైమాటే. అందులో ఎక్కువ భాగం వడ్డీ లేని అప్పు, తర్వాత దాన్ని వాటాలుగా మార్చేశారు. అంటే తిరిగి రాని డబ్బు. గ్లేజర్ కుటుంబం 2005లో మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నప్పుడు కొనడానికి తెచ్చిన అప్పును క్లబ్ నెత్తినే పెట్టింది. వెంకీస్ ఆ పని చేయలేదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలా? బరీ ఎఫ్‌సీ. బ్లాక్‌బర్న్‌కి కూతవేటు దూరం. 2018లో ఒక పౌండుకి చేతులు మారింది, 2019లో లీగ్ నుంచే గెంటేశారు. అదే ఏడాది బోల్టన్ దివాలా అంచుకు వెళ్లింది. బ్లాక్‌బర్న్‌లో టీమ్ ఉంది, కుర్రాళ్లను తయారుచేసే అకాడమీ పై స్థాయి అయిన కేటగిరీ వన్‌లో ఉంది. ఓనర్ అంటే ఇంకేం కావాలి మీకు?

ఈవుడ్_బాల్కనీ

మాస్టారూ, లెక్క కరెక్టే. డబ్బు పెట్టలేదని నేను అనలేదు, ఇక్కడ తెలివైన ఫ్యాన్స్ కూడా అనరు. పెట్టిన డబ్బు ఎవరి సలహాతో ఎటు పోయిందో చూడండి.

హెన్నింగ్ బెర్గ్ సంగతి వినండి. 1995లో కప్పు గెలిచిన జట్టు మనిషి, 2012 అక్టోబరు చివర్లో మేనేజర్‌గా వచ్చాడు. 57 రోజులు, 10 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, ఉద్వాసన. కాంట్రాక్టు ప్రకారం పరిహారం ఇవ్వాల్సింది. క్లబ్ కాదంది, వ్యవహారం హైకోర్టుకెక్కింది, 22.5 లక్షల పౌండ్లు కట్టమన్నారు. తర్వాత వచ్చిన మైఖేల్ ఆపిల్టన్ 67 రోజులు ఉన్నాడు. పుణెలో ఒకరు, మలేసియా నుంచి తెచ్చిన గ్లోబల్ అడ్వైజర్ షెబీ సింగ్ ఒకరు, ఇక్కడ స్టేడియం ఈవుడ్ పార్క్‌లో మేనేజింగ్ డైరెక్టర్ ఒకరు. ఎవరి మాట చెల్లుతుందో క్లబ్‌లో పనిచేసేవాళ్లకే తెలియని రోజులవి.

కార్డిఫ్_కుర్రోడు

నేను కార్డిఫ్‌లో ఎమ్మెస్ చేస్తున్నా. ఇక్కడ ఓనర్ విన్సెంట్ టాన్, మలేసియా ఆయన. క్లబ్ ముద్దు పేరు బ్లూబర్డ్స్, నూరేళ్లుగా నీలం చొక్కా. 2012లో ఈయన ఎర్ర చొక్కా చేసేశాడు. అదృష్టం రంగట! మరుసటి ఏడాది ప్రీమియర్ లీగ్‌కి వెళ్లారు కూడా, అయినా జనం చల్లబడలేదు. 2015 జనవరిలో నీలం వెనక్కి తెచ్చాడు. నాకు ఇల్లు అద్దెకిచ్చిన పెద్దాయన ఆ ఎర్ర చొక్కాతో కారు తుడుస్తాడు.

అందుకని గెలిస్తే అంతా సర్దుకుంటుందనే లెక్క నాకు నమ్మకం లేదు. పైగా టాన్ మ్యాచ్‌కి వచ్చి కూర్చునేవాడు. తిట్టడానికైనా ఎదురుగా మనిషి ఉండేవాడు.

ఈవుడ్_బాల్కనీ

అదీ మాట, తమ్ముడూ. ఇక్కడ ఎదురుగా ఎవరూ లేరు. అనూరాధ గారు, తమ్ముళ్లు ఈవుడ్ పార్క్‌లో కనిపించి ఏళ్లు గడిచాయి. ఏదైనా అడగాలంటే వాళ్ల ప్రతినిధి, ఆయన ద్వారా పుణె, అక్కడి నుంచి మౌనం.

2016లో జరిగిన నిరసన నేను కళ్లారా చూశాను. క్లబ్ పుట్టింది 1875లో. అందుకని 18వ నిమిషం దాకా లోపలికి రాకూడదు, 75వ నిమిషంలో లేచి వెళ్లిపోవాలి. ఆట మొదలైనప్పుడు కోచ్ అరుపులు కూడా వినబడేంత నిశ్శబ్దం. 18 దాటగానే మెట్ల మీద నుంచి ముసలివాళ్లు, పిల్లలు, చేతుల్లో టీ కప్పులతో వరసగా వచ్చి కూర్చున్నారు. 75 అవగానే సీట్లు పైకి ముడుచుకునే టపటపలు. నా వరసలో ఒక పెద్దావిడ మాత్రం లేవలేదు. "నా మొగుడు పోయాక కూడా ఒక్క మ్యాచ్ మధ్యలో లేవలేదు, వీళ్లకోసం లేస్తానా?" అంది. ఆవిడ కూడా వెంకీస్ పోవాలనే కోరుకునే మనిషే.

ఆ సీజన్ చివర్లో మూడో డివిజన్‌కి పడిపోయారు. ఆఖరి రోజు బ్రెంట్‌ఫర్డ్‌లో 3–1తో గెలిచి మరీ! నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కీ వీళ్లకీ 51 పాయింట్లే, గోల్స్ తేడాతో మునిగారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ మూడో అంచెకి దిగడం అదే మొదటిసారి. మరుసటి ఏడాదే టోనీ మోబ్రే పైకి తెచ్చాడు, ఆయన్ని ఇక్కడ అందరూ ఇష్టపడతారు.

గచ్చిబౌలి_గ్యాలరీ

అన్నా, మీకు ఓనర్ మాట్లాడడు, మాకు టీమే లేకుండా పోయింది. 🙃

హైదరాబాద్ ఎఫ్‌సీ గుర్తుందా ఎవరికన్నా? 2019లో వచ్చింది, మూతపడ్డ పుణె క్లబ్ స్థానంలో. (వెంకీస్ హైదరాబాద్ నుంచి పుణె పోతే, ఇది పుణె నుంచి హైదరాబాద్ వచ్చింది. లెక్క సరి.) 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలుపు, మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. ఆ రాత్రి నిద్ర ఎవడు పోయిండు? కోవిడ్ కాబట్టి అంతా గోవాలోనే ఆడారు, మేం టీవీలోనే చూసినం.

రెండేళ్లు తిరగకుండా జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఫిఫా కొత్తవాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. 2023–24లో అకాడమీ పిల్లలతో ఆడించారు, సీజన్ మొత్తానికి ఒక్క గెలుపు. తర్వాత ఓనర్లు మారారు, 2025లో టీమ్‌ని ఢిల్లీకి తీసుకుపోయి పేరు కూడా మార్చేశారు. నిరసన చేద్దామన్నా ఎక్కడ చేయాలె? గచ్చిబౌలి స్టేడియం ముందు నిలబడితే వాచ్‌మన్ అడుగుతడు, ఏం కావాలె అని.

అందుకే లెక్కల మాస్టారు అన్నదాంట్లో నాకు సగం నిజం కనిపిస్తది. జీతాలు పడుతున్నయంటే చిన్న సంగతి కాదు.

ప్రెస్టన్_పిన్ని

అసలు విషయం ఎవరూ ఎత్తలేదు, కోర్టు కేసు. ఈడీ విచారణ వల్ల 2023 నుంచి బ్లాక్‌బర్న్‌కి డబ్బు పంపాలంటే వెంకీస్ ఢిల్లీ హైకోర్టులో అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది, బ్యాంక్ గ్యారంటీ కట్టి మరీ. విచారణే, నేరం రుజువు కాలేదు, అది గుర్తుపెట్టుకోవాలి. కానీ లాంకషైర్‌లో ఒక క్లబ్ ఖర్చులు ఢిల్లీలో వాయిదా మీద ఆధారపడటం అంటే ఇక్కడివాళ్లకు ఎంత టెన్షన్! అప్పటి నుంచి అమ్మకాలే. ఆడమ్ వార్టన్, ఈ ఊరి పిల్లాడు, 2024 ఫిబ్రవరిలో క్రిస్టల్ ప్యాలెస్‌కి. ఆ సీజన్ ఛాంపియన్‌షిప్‌లో (రెండో డివిజన్‌లో) అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన సామీ స్మోడిక్స్, ఆ వేసవిలోనే ఇప్స్‌విచ్‌కి.

ఇంకోటి. మా పాప స్కూలు జట్టులో ఆడుతుంది కాబట్టి అమ్మాయిల ఫుట్‌బాల్ వార్తలు చూస్తుంటాను. 2025లో రోవర్స్ మహిళా జట్టు రెండో డివిజన్ నుంచి తప్పుకుంది. లీగ్ పెట్టిన కొత్త ప్రమాణాలకు తగ్గ ఖర్చు ఓనర్లు పెట్టలేమన్నారు. ఆటలో ఓడి దిగలేదు, కాగితం మీద దిగారు. మగవాళ్ల టీమ్‌లో ఒక ఆటగాడి జీతం కంటే అదేమంత పెద్ద ఖర్చని అక్కడి ఫ్యాన్స్ వాదన.

లెక్కల_మాస్టారు

పిన్ని గారూ, మహిళా జట్టు విషయంలో నా దగ్గర సమాధానం లేదు, అది సిగ్గుచేటే. కోర్టు విషయంలో మాత్రం, డబ్బు పంపొద్దని ఓనర్లు అనలేదు కదా. పంపడానికే కోర్టుకెళ్లారు.

ఈవుడ్_బాల్కనీ

పంపడానికే వెళ్లారు, ఒప్పుకుంటాను. అదే మాట వాళ్ల నోటితో ఇక్కడికొచ్చి చెబితే సగం గొడవ ఉండేది కాదు. జనం ఆ కేసు వివరాలు పేపర్లో చదువుకున్నారు.

దానికి తోడు ఆఫీసు పని. 2023 జనవరి చివరి రోజు, ఆటగాళ్లను తీసుకునే గడువు ముగిసే రోజు, లూయిస్ ఓబ్రయన్‌ను తెచ్చుకోవాలి, కాగితాలు ఆలస్యం, లీగ్ తిరస్కరించింది. సరే, ఒకసారి పొరపాటు అనుకుందాం. ఆ సీజన్ ఎలా ముగిసిందంటే, ఆఖరి రోజు మిల్‌వాల్‌లో 4–3తో గెలిచి, సండర్‌ల్యాండ్‌తో సమానంగా 69 పాయింట్లు తెచ్చుకుని, గోల్స్ తేడాతో ప్లేఆఫ్, అంటే ప్రీమియర్ లీగ్‌కి ఎక్కే అవకాశమిచ్చే మ్యాచ్‌లు, పోగొట్టుకున్నారు. ఒక్క ఆటగాడు ఉండి ఉంటే అనిపించదా? ఏడాది తిరిగింది, మళ్లీ చివరి రోజు, అమెరికా నుంచి డంకన్ మెగ్వైర్. మళ్లీ కాగితాల తప్పు, మళ్లీ తిరస్కరణ. పుణెలో ఉన్నవాళ్లకి ఈ ఫారాలతో సంబంధం లేకపోవచ్చు. కానీ రెండోసారి జరిగినప్పుడు ఓనర్ వచ్చి ఎవరిది తప్పని అడగాలి కదా?

2025 ఫిబ్రవరిలో మేనేజర్ జాన్ యూస్టేస్ వెళ్లిపోయాడు. అప్పుడు రోవర్స్ ఐదో స్థానం. ఆయన వెళ్లింది దిగజారే ప్రమాదంలో ఉన్న డెర్బీకి. పాత క్లబ్బే అనుకోండి, అయినా పైకెక్కే టీమ్‌ని వదిలి మునిగే టీమ్‌కి వెళ్లాడంటే లోపల ఏం చూశాడో అని ఇక్కడ అందరూ అనుకున్నారు.

రెడ్_డెవిల్_వైజాగ్

మా గ్లేజర్లను ఇచ్చి మీ వెంకీస్‌ను తీసుకుంటాం, డీల్?

ఈవుడ్_బాల్కనీ

@రెడ్_డెవిల్_వైజాగ్ కాగితాలు మీరే నింపాలి.

గోదారి_లేయర్స్

అంతా చదివాను. ఒక సందేహం. ఇంత జరిగితే ఊళ్లోవాళ్లకి ఓనర్‌ను ప్రశ్నించే హక్కు చట్టంలో ఏమీ లేదా? మాకు రేటు నచ్చకపోతే నెక్ జోనల్ మీటింగులో లేచి అడుగుతాం.

ప్రెస్టన్_పిన్ని

ఇన్నాళ్లూ పెద్దగా లేదండీ. కొనేటప్పుడు ఓనర్ల పరీక్ష అని ఒకటుంది, తర్వాత దిక్కులేదు. 2025 జులైలో ఇంగ్లండ్‌లో కొత్త ఫుట్‌బాల్ పాలన చట్టం వచ్చింది, స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టారు. ఇకపై స్టేడియం అమ్మాలన్నా, రంగులు, చిహ్నం మార్చాలన్నా ఫ్యాన్స్‌ను అడగకుండా కుదరదు. కార్డిఫ్ చొక్కా లాంటిది మళ్లీ జరగడం కష్టం. అయితే ఓనర్‌ను మ్యాచ్‌కి రమ్మని ఏ చట్టమూ చెప్పలేదు.

గోదారి_లేయర్స్

అర్థమైంది. మా అబ్బాయి మాంచెస్టర్‌లోనే ఉద్యోగం, వేసవిలో నేనూ మా ఆవిడా వస్తున్నాం. సీజన్ మొదలయ్యేదాకా ఉంటాం. అక్కడ మ్యాచ్ చూడాలంటే ఎక్కడ కూర్చోవాలి?

ఈవుడ్_బాల్కనీ

తప్పకుండా రండి, స్టేషన్‌కి నేనే వస్తాను. జాక్ వాకర్ స్టాండ్‌లో తీసుకుందాం. డార్వెన్ ఎండ్ వైపు వద్దు, అది అవతలి టీమ్ వాళ్లది. పక్క సీటాయన ఏం చేస్తారని తప్పకుండా అడుగుతాడు, వ్యవసాయం అని చెప్పండి. అక్కడితో ఆపేయండి.