విశ్రాంత జీవితానికి పోర్చుగల్, థాయ్‌లాండ్, పనామాలలో దేన్ని ఎంచుకోవాలి?

ప్రశ్న:
ఉద్యోగ విరమణ తరువాత మరో దేశంలో స్థిరపడాలని నేను, నా భార్య నిర్ణయించుకున్నాం. ఇద్దరికీ అరవై దాటాయి. జీవితాంతం వచ్చే పింఛను మాత్రం నా ఒక్కడి పేరనే ఉంది. పోర్చుగల్, థాయ్‌లాండ్, పనామా మా పరిశీలనలో మిగిలాయి. మూడింటి వీసా షరతులకూ మా ఆదాయం సరిపోతుంది. ఇక ఖర్చు తక్కువయ్యే దేశాన్ని ఎంచుకుంటే చాలా, అంతకన్నా ముందు చూడవలసినది ఏమైనా ఉందా?

జవాబు 1:
ఖర్చు సంగతి చివర చూడండి. మీకు ఎనభై ఏళ్లు వచ్చాక, ఆరోగ్యం సహకరించని రోజుల్లో అక్కడ ఉండటం ఎలా ఉంటుందన్నది ముందు తేల్చుకోవాలి. థాయ్‌లాండ్‌లో యాభై దాటినవారు బ్యాంకులో 8,00,000 బాత్‌లు గాని, నెలకు 65,000 బాత్‌ల ఆదాయం గాని చూపితే ఏడాదికి అనుమతి దొరుకుతుంది. కానీ దాన్ని ఏటా పొడిగించుకోవాలి, 90 రోజులకొకసారి నివాస చిరునామా తెలియజేయాలి. తిరగగలిగినన్నాళ్లు ఇది చిన్న పనే, మంచాన పడ్డవారికి మాత్రం పెద్ద భారం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రులు ఎంతో మంచివి, అయితే వాటికి అవసరమయ్యే బీమా ప్రీమియం వయసుతో పాటు పెరుగుతూ పోతుంది.

పింఛను వంటి ఆదాయంతో బతికేవారికి పోర్చుగల్ ఇచ్చే డీ7 వీసాకు 2025లో నెలకు 870 యూరోల స్థిరమైన ఆదాయం, భార్యకు అందులో సగం అదనంగా చూపవలసి వచ్చింది. మొదట రెండేళ్లకు, తరువాత మూడేళ్లకు నివాస అనుమతి ఇస్తారు. ఐదేళ్లు పూర్తయి, ప్రాథమిక స్థాయి పోర్చుగీసు వస్తే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టబద్ధంగా నివసించేవారికి ప్రభుత్వ వైద్య సేవ కూడా అందుతుంది. వృద్ధాప్యానికి ఇంతకు మించిన ధీమా మిగతా రెండింటిలో నాకు కనిపించలేదు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తాను, కానీ పన్ను లెక్క వేయకుండా పోర్చుగల్‌కు మొగ్గకండి. విదేశీ పింఛనుదారులకు పేరుపడ్డ పాత పన్ను రాయితీ 2024 నుంచి కొత్తవారికి లేదు. సాధారణ శ్లాబులే వర్తిస్తాయి, పై శ్లాబు 48 శాతం. పనామా తన భూభాగంలో పుట్టిన ఆదాయం మీదనే పన్ను వేస్తుంది కనుక బయటి నుంచి వచ్చే పింఛను జోలికి రాదు. అక్కడి పింఛనుదారుల వీసాకు నెలకు 1,000 డాలర్ల జీవితకాల పింఛను, భార్యకు మరో 250 డాలర్లు చూపితే సరిపోతుంది. చలామణిలో ఉన్నది అమెరికా డాలరే కాబట్టి పింఛను డాలర్లలో వచ్చేవారికి మారకపు రేటు బెంగ ఉండదు.

పింఛను ఇచ్చే దేశం నియమాలను కూడా అడిగి తెలుసుకోండి. బ్రిటన్ ప్రభుత్వ పింఛను పోర్చుగల్‌లో ఉన్నవారికి ఏటా పెరుగుతుంది, థాయ్‌లాండ్‌లో ఉన్నవారికి మొదట ఇచ్చిన మొత్తం దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా విదేశాల్లో చికిత్సకు డబ్బు చెల్లించదు.

జవాబు 3:
పింఛను మీ ఒక్కరి పేరనే ఉందన్నారు గనుక, మీ తదనంతరం అందులో ఎంత భాగం మీ భార్యగారికి అందుతుందో, ఆమె నివాస హక్కు మీ దరఖాస్తు మీదనే ఆధారపడి ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఒంటరిగా మిగిలిన మనిషి దుఃఖంలో ఉండగా అనుమతి పత్రాల కోసం కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావడం చాలా కష్టం.

ఆస్తి విషయమూ ఇలాంటిదే. థాయ్‌లాండ్‌లో విదేశీయులు భూమి కొనలేరు, అపార్ట్‌మెంట్ భవనంలో 49 శాతం విస్తీర్ణం వరకే వారందరికీ కలిపి దక్కుతుంది. పోర్చుగల్‌లో ఇల్లు కొనవచ్చు. అయితే భార్యకు, పిల్లలకు తప్పనిసరి వాటా ఇవ్వాలని అక్కడి వారసత్వ చట్టం చెబుతుంది. 2015 ఆగస్టు 17 నుంచి అమలులో ఉన్న ఐరోపా నిబంధన ప్రకారం చివరిగా నివసించిన దేశపు చట్టమే మామూలుగా వర్తిస్తుంది. మీ పౌరసత్వ దేశపు చట్టం వర్తించాలనుకుంటే ఆ మాట వీలునామాలో స్పష్టంగా రాయాలి. ఇల్లు కొనేముందే, మొదటి ఏడాది అద్దెకు ఉంటున్నప్పుడే, న్యాయవాదితో ఆ పని పూర్తి చేయించండి.