‘దన్‌సెక్‌హ్వా’ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న: కొరియా చిత్రకళ మీద ఒక వ్యాసం అనువదిస్తూ ‘దన్‌సెక్‌హ్వా’ దగ్గర ఆగిపోయాను. 1970లలో ఊపందుకున్న ధోరణి; చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ ధ్యానంలా సాగే పని. దన్ అంటే ఒకటి, సెక్ రంగు, హ్వా చిత్రం. మాటకు మాట పెడితే ‘ఏకవర్ణచిత్రం’. కానీ అది గోడకి వెల్ల వేసినట్టుంది, ధ్యానం ఎక్కడా కనబడదు. ‘ధ్యానచిత్రం’ అనొచ్చా?

జవాబు: వద్దండీ, పద్మాసనంలో బుద్ధుడి బొమ్మ అనుకుంటారు. కొరియన్ మాటలో లేని ధ్యానాన్ని మనం అతికించడం దేనికి? అది పేరులో లేదు, పనిలో ఉంది. ఈ ధోరణి చిత్రకారుల్లో హా జోంగ్‌హ్యున్ గోనెగుడ్డ వెనకనుంచి రంగు నెడతాడు, నేత సందుల్లోంచి ముద్దలుగా ఇవతలికి వస్తుంది. పాక్ సొబో (1931–2023) తడి ఆరని తెల్లరంగు మీద పెన్సిల్‌తో గీతలు గీసి, మళ్లీ తెలుపు పూసి, మళ్లీ గీస్తాడు. ఆ వరస బొమ్మలకి ఫ్రెంచిలో ‘ఎక్రిత్యూర్’ అని పేరు, అంటే రాత. ఆయన చిన్న కొడుకు గళ్ల పుస్తకంలో అక్షరం ఇమడక, విసిగిపోయి పెన్సిల్‌తో బరబరా గీకేశాడట. అది చూశాక తట్టిందని ఆయనే చెప్పాడు.

మరొకరు: రాత అన్నారు కాబట్టి ఒక మాట. వర్ణమంటే రంగే కాదు, అక్షరం కూడా. వర్ణమాల అంటాం కదా! పాతవాళ్లు చిత్తరువు ‘వ్రాయడం’ అనేవారు కూడా. ‘ఏకవర్ణం’ మీద అలిగే పని లేదు.

ప్రశ్న అడిగినవారు: వర్ణం సంగతి తట్టనే లేదు! మరి పాక్ బొమ్మ వేయడాన్ని ‘సుషిన్’కి సాధనం అన్నాడు. ‘ఆత్మసంస్కారం’ అని పెట్టాను, మరీ సభావేదిక భాషలా ఉంది.

జవాబు: ‘తనను తాను దిద్దుకోవడం’ అనండి. పలక మీద అక్షరాలు దిద్దించినప్పుడు ఏం చేశాం? ఒకే ‘అ’ మీద బలపం తిప్పి తిప్పి, గీత లావెక్కి, చివరికి అక్షరమే కనబడకుండా పోయేది. తప్పు దిద్దినా దిద్దడమే, నడత దిద్దుకున్నా దిద్దడమే. పాక్ చేసిన పనికి ఇంత దగ్గరి క్రియ నాకు ఇంకోటి కనబడలేదు.

ప్రశ్న అడిగినవారు: ఇదే ఖాయం. ఆఖరి చిక్కు: ఇదే ధోరణి చిత్రకారుడు చుంగ్ సంగ్‌హ్వా గుడ్డకి కయోలిన్ అనే తెల్లమట్టి పట్టించి, ఎండాక మడిచి పగలగొట్టి, ఊడిన ముక్కల చోట రంగు నింపుతాడు. ఆ ముక్కల్ని ‘శకలాలు’ అన్నాను.

మరొకరు: శకలాలు విమానం కూలినప్పుడండీ. గోడకి ఊడేవి పెచ్చులు.

ప్రశ్న అడిగినవారు: మార్చేశాను. పెచ్చులే.